కన్సోల్‌లో ఎంపీవీ నడుస్తుండగా మీటలు ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయకపోవడం

ప్రశ్న

నమస్కారం. డెస్క్‌టాప్ ఏదీ లేకుండా నేరుగా లినక్స్ కన్సోల్ (విండోలు లేని అక్షరాల తెర) మీదనే వీడియోలు చూపించే చిన్న కంప్యూటరు ఒకదానిని మా అమ్మ కోసం అమర్చాను. యంత్రం పాతది కావడం వల్ల డెస్క్‌టాప్ వేస్తే బరువైపోతోంది. ఎంపీవీ అనే వీడియో ప్లేయర్‌ను మాత్రం కన్సోల్ మీద నడిపితే చిత్రం, ధ్వని రెండూ ఏ తడబాటూ లేకుండా వస్తున్నాయి. కంప్యూటరు వేయగానే టీటీవై1 అనే మొదటి కన్సోల్‌లో తనంతట తానే లాగిన్ అయి, నేను రాసిన ఒక బ్యాష్ స్క్రిప్టు మొదలై, ఆ స్క్రిప్టు ఎంపీవీని పిలుస్తుంది. వీడియో అవుట్‌పుట్‌గా జీపీయూ, దాని కాంటెక్స్ట్‌గా డీఆర్ఎం (విండో లేకుండా నేరుగా తెర మీద బొమ్మ వేసే పద్ధతి) ఇచ్చాను.

ఇబ్బంది అంతా కీబోర్డుతోనే. స్పేస్ మీట నొక్కితే ఒకసారి వీడియో ఆగుతుంది, మరొకసారి ఏమీ జరగదు. రెండోసారో మూడోసారో నొక్కితే గాని మాట వినదు. కుడి బాణం నొక్కినప్పుడు కొన్నిసార్లు వీడియో ముందుకు జరగడానికి బదులు నెమ్మదిస్తోంది, పాత్రల మాటలు సాగదీసినట్టు వినిపిస్తున్నాయి. 1, 2, 3 అంకెలు నొక్కితే వేరే వేరే ఫోల్డర్లలోని వీడియోలు మొదలయ్యేలా స్క్రిప్టులో ఏర్పాటు చేశాను. అదీ ఒక్కోసారి పనిచేయకపోగా, తెర మీద కాంట్రాస్ట్ అనే మాట, పక్కన ఒక అంకె కనిపించి మాయమవుతున్నాయి. కీబోర్డు పైవరుసలో ఉన్న ధ్వని పెంచే, తగ్గించే మీటలు మాత్రం ఒక్కసారి కూడా పనిచేయలేదు. అమ్మకు అలవాటైనవి ఆ రెండు మీటలే కాబట్టి నన్ను అన్నిటికంటే బాధిస్తున్నది ఇదే. చివరగా, స్క్రిప్టు ముగిసిన తరువాత షెల్‌లో ఏం టైపు చేసినా అక్షరాలు కనిపించడం లేదు.

కీబోర్డు మార్చి చూశాను, యూఎస్‌బీ పోర్టు మార్చి చూశాను, ఎంపీవీని కొత్త వెర్షన్‌కు తెచ్చాను. తేడా ఏమీ లేదు. ఇవన్నీ ఒకే లోపానికి గుర్తులా, లేక వేరువేరు లోపాలా అన్నది కూడా నాకు తెలియడం లేదు. ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలో చెప్పగలరా?


మొదటి సమాధానం

మీరు లక్షణాలను ఇంత వివరంగా రాయడం ఎంతో మేలు చేసింది. ముఖ్యంగా కుడి బాణం వీడియోను నెమ్మదింపజేయడం, అంకె నొక్కితే కాంట్రాస్ట్ అని కనిపించడం, ఈ రెండూ కీబోర్డు చెడిపోయినప్పుడు కనిపించేవి కావు. మీట నుంచి బయలుదేరిన సమాచారం సరిగానే వస్తోంది, కానీ దారిలో ఎవరో దానిని పంచుకుంటున్నారు అని నా అనుమానం. ఆ అనుమానం ఎందుకు కలిగిందో చెప్పాలంటే కన్సోల్‌లో మీట నొక్కినప్పుడు ఏం జరుగుతుందో ముందు చూడాలి.

డెస్క్‌టాప్ ఉన్నప్పుడు ప్లేయర్‌కు ఒక విండో ఉంటుంది, ఏ మీట కిందికి దిగింది, ఏది పైకి లేచింది అన్న కబురు ఆ విండోకు విడివిడిగా అందుతుంది. డీఆర్ఎం ద్వారా కన్సోల్ మీద బొమ్మ వేసేటప్పుడు విండో అనేదే లేదు. అందువల్ల ఎంపీవీ మీటలను టెర్మినల్ నుంచే చదువుకుంటుంది. కీబోర్డు పంపిన మీట సంఖ్యను లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోని కన్సోల్ భాగం అందుకుని, కీమ్యాప్ అనే పట్టికలో వెతికి, దానిని ఒకటో కొన్నో బైట్లుగా మార్చి టీటీవైలో, అంటే ఆ టెర్మినల్‌లో, వేస్తుంది. ప్లేయర్‌కు చేరేది ఆ బైట్లే. అక్షరం మీటకు ఒక బైటు చాలు. కుడి బాణానికి మాత్రం మూడు బైట్లు వస్తాయి: 27, 91, 67. వీటిలో 27 అంటే ఎస్కేప్, 91 అంటే [ గుర్తు, 67 అంటే పెద్ద సీ అక్షరం.

ఇప్పుడు మీ లక్షణాన్ని దీని పక్కన పెట్టి చూడండి. మొదటి బైటును ఇంకెవరో తీసుకుపోయి మిగిలిన రెండే ఎంపీవీకి చేరాయనుకుందాం. అప్పుడు ఎంపీవీకి అది బాణం కాదు, [ గుర్తు. ఎంపీవీ సొంత ఏర్పాట్లలో [ గుర్తు వీడియో వేగాన్ని తగ్గించేది! అదే విధంగా 1, 2 అంకెలు కాంట్రాస్ట్‌ను తగ్గించేవి, పెంచేవి. మీ స్క్రిప్టుకు చేరవలసిన అంకె ఎంపీవీకి చేరినప్పుడు తెర మీద కాంట్రాస్ట్ కనిపిస్తోంది; ఎంపీవీకి చేరవలసిన స్పేస్ స్క్రిప్టుకు చేరినప్పుడు ఏమీ జరగడం లేదు.

నిర్ధారణ కోసం మూడు పనులు చేయండి. ముందుగా స్క్రిప్టును పూర్తిగా పక్కన పెట్టి, షెల్‌లో చేతితో ఒకే ఒక్క వీడియోకు ఎంపీవీని నడిపి, స్పేస్‌ను ఇరవై సార్లు నొక్కి ఎన్నిసార్లు పనిచేసిందో లెక్కపెట్టండి. తరువాత అదే వీడియోను --ఇన్‌పుట్-టెస్ట్ అనే ఆప్షన్‌తో నడపండి. అప్పుడు మీట నొక్కితే ఆ పని జరగదు, ఎంపీవీకి ఏ మీట చేరిందో, దానికి ఏ కమాండు కట్టి ఉందో తెర మీద కనిపిస్తుంది. ఆ స్థితిలో ప్లేయర్‌ను ముగించే క్యూ మీట కూడా పేరు చూపించి ఊరుకుంటుంది కాబట్టి, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి రెండో కన్సోల్‌లోకి వెళ్లి మామూలు కిల్ కమాండుతో ముగించండి. మూడో పని, మీ స్క్రిప్టు నడుస్తున్నప్పుడు రెండో కన్సోల్ నుంచి పీఎస్ కమాండుతో టీటీవై1లోని ప్రాసెస్‌ల జాబితా తీయండి. స్టాట్ అనే నిలువు వరుసలో + గుర్తు ఉన్నవన్నీ ఆ టెర్మినల్‌కు ముందువరుసలో ఉన్నవి, అంటే దాని నుంచి చదవడానికి అనుమతి ఉన్నవి. అక్కడ ఎంపీవీతో పాటు మరెవరికి + ఉందో చెప్పండి. వీలైతే స్క్రిప్టును కూడా ఇక్కడ పెట్టండి.


రెండో సమాధానం

నాకు కూడా ఒకసారి కన్సోల్‌లో వీడియో ప్లేయర్‌కు మీటలు అసలు చేరలేదు. యూజర్‌ను ఇన్‌పుట్ అనే గ్రూపులో చేర్చి మళ్లీ లాగిన్ అయిన వెంటనే అన్నీ పనిచేశాయి. మీరు కూడా ముందు అది చేసి చూడండి, ఒక్క నిమిషం పని.


మొదటి సమాధానం రాసినవారు

పై మిత్రులు చెప్పినది వారి విషయంలో నిజమే అయి ఉంటుంది, కానీ బహుశా అది ఎఫ్ఎఫ్‌ప్లే వంటి ప్లేయర్ అయి ఉండాలి. ఎఫ్ఎఫ్‌ప్లే తన తెరకూ మీటలకూ ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ మీద ఆధారపడుతుంది. ఆ లైబ్రరీ కన్సోల్ మీద నడిచేటప్పుడు టీటీవైని చదవదు; /డెవ్/ఇన్‌పుట్ కింద ఉండే ఈవెంట్ ఫైళ్లను నేరుగా తెరుస్తుంది. ఆ ఫైళ్లను చదివే హక్కు సాధారణ యూజర్‌కు ఉండదు కాబట్టి ఇన్‌పుట్ గ్రూపులో చేరిస్తే గాని మీటలు అందవు. ఎంపీవీ టీటీవైని చదువుతుంది కాబట్టి దానికి ఆ గ్రూపుతో పని లేదు.

అవసరం లేకుండా ఎవరినీ ఆ గ్రూపులో చేర్చవద్దని కూడా మనవి చేస్తున్నాను. అందులో ఉన్న యూజర్ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామ్ అయినా ఆ యంత్రం మీద నొక్కిన ప్రతి మీటనూ, మరో కన్సోల్‌లో మరొకరు టైపు చేసే పాస్‌వర్డుతో సహా, చదవగలదు. లాభం ఉన్నప్పుడు తెలిసి చేర్చడం వేరు, ప్రయత్నించి చూద్దామని చేర్చి మరచిపోవడం వేరు.


ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు పరీక్షలూ చేశాను. స్క్రిప్టు లేకుండా నడిపినప్పుడు స్పేస్ ఇరవైకి ఇరవై సార్లూ పనిచేసింది, బాణాలు కూడా సరిగా పనిచేశాయి. ఇన్‌పుట్ టెస్ట్‌లో మామూలు మీటలన్నిటి పేర్లూ కనిపించాయి; ధ్వని మీటలకు మాత్రం తెర మీద ఏమీ రాలేదు. స్క్రిప్టు నడుస్తున్నప్పుడు తీసిన జాబితాలో బ్యాష్‌కూ ఎంపీవీకీ రెండింటికీ + గుర్తు ఉంది.

స్క్రిప్టు చాలా చిన్నది. ఫోల్డరులోని వీడియోలతో ఎంపీవీని చివర & గుర్తు పెట్టి వెనకకు పంపుతుంది. తరువాత ఒక లూప్‌లో రీడ్ -ఎన్ 1 తో ఒక అక్షరం చదువుతుంది. అది 1, 2, 3లో ఒకటైతే నడుస్తున్న ఎంపీవీని కిల్ -9 తో ఆపి, కొత్త ఫోల్డరుతో మళ్లీ మొదలుపెడుతుంది. ఎక్స్ వస్తే ఎంపీవీని అదే విధంగా ఆపి స్క్రిప్టు ముగుస్తుంది.

నాకు అర్థం కానిది ఒకటి ఉంది. స్క్రిప్టులో & పెట్టి నడిపిన కమాండుకు స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా ఎప్పుడూ ఖాళీగా ఉండే /డెవ్/నల్ వస్తుందని చదివాను. అలాంటప్పుడు ఎంపీవీకి కీబోర్డు అందనే కూడదు, మీటలన్నీ స్క్రిప్టుకే రావాలి కదా? నిజానికి స్క్రిప్టు రాసేటప్పుడు మొదట నేను భయపడింది అదే. స్పేస్, బాణాలు పనిచేయడం చూసి, ఇబ్బంది లేదని ముందుకు వెళ్లాను.


మొదటి సమాధానం రాసినవారు

మీరు చదివినది సరైనదే. కానీ ఎంపీవీ స్టాండర్డ్ ఇన్‌పుట్ మీద ఆధారపడదు. మొదలవుతూనే /డెవ్/టీటీవైని, అంటే ఆ ప్రాసెస్‌ను అదుపు చేసే టెర్మినల్‌ను, తానే నేరుగా తెరుచుకుంటుంది; అది దొరకనప్పుడే స్టాండర్డ్ ఇన్‌పుట్ వైపు చూస్తుంది. వీడియోను పైపు ద్వారా లోపలికి పంపినా మీటలు పనిచేయాలన్నది దీనివల్ల కలిగే సౌకర్యం. మీ విషయంలో ఆ సౌకర్యమే ఎదురు తిరిగింది.

రెండో సంగతి ప్రాసెస్ గ్రూపులది. మీరు షెల్ ప్రాంప్ట్ దగ్గర కూర్చుని & పెట్టి ఎంపీవీని నడిపి ఉంటే, షెల్ దానికి వేరే గ్రూపు కేటాయించి ఉండేది; తాను వెనకవరుసలో ఉన్నానని ఎంపీవీ గుర్తించి మీటల జోలికి వెళ్లి ఉండేది కాదు. స్క్రిప్టులో మామూలుగా జాబ్ కంట్రోల్, అంటే ఇలా వేరే గ్రూపు కేటాయించే ఏర్పాటు, ఉండదు కాబట్టి & పెట్టినా ఎంపీవీ స్క్రిప్టు ఉన్న గ్రూపులోనే ఉండిపోతుంది. ఆ గ్రూపు ముందువరుసలోది. కాబట్టి బ్యాష్, ఎంపీవీ రెండూ ఒకే టీటీవై దగ్గర దోసిలి పట్టుకుని నిలబడ్డాయి. కెర్నల్ ఒక బైటును ఇద్దరికీ ఇవ్వదు. ఎవరు ముందు చదివితే బైటు వారిది. బాణం మూడు బైట్లూ ఒకేసారి వచ్చి పడినప్పుడు రీడ్ -ఎన్ 1 ఒక్క ఎస్కేప్‌ను తీసుకుని తప్పుకుంటే, మిగిలిన [ గుర్తు, సీ అక్షరం ఎంపీవీకి మిగులుతాయి. వేగం తగ్గడానికి కారణం ఇదే.

దీనికి తోడు, టెర్మినల్ సెట్టింగులను కూడా ఇద్దరూ మారుస్తుంటారు. ఎంటర్ నొక్కకుండానే అక్షరం అందాలని ఇద్దరూ టెర్మినల్‌ను మారుస్తారు, పని అయ్యాక తాము మొదట చూసిన స్థితికి తిరిగి పెడతారు. ఆ మార్పులు ఒకదాని మీద ఒకటి పడితే, కొంతసేపు ఎంటర్ నొక్కే వరకు ఏ మీటా పనిచేయని స్థితి కూడా రావచ్చు. మీకు అది ఎదురైందో లేదో రాయలేదు గాని, ఎదురైతే ఆశ్చర్యపోవలసిన పని లేదు.

అక్షరాలు కనిపించకపోవడం మాత్రం కిల్ -9 వల్ల. ఎంపీవీ తన పని కోసం టెర్మినల్‌లో టైపు చేసినది తిరిగి చూపించడాన్ని ఆపేస్తుంది, ముగిసేటప్పుడు మళ్లీ మొదలుపెడుతుంది. -9 సంకేతం అందుకున్న ప్రాసెస్‌కు సర్దుకునే అవకాశమే ఉండదు. మామూలు కిల్ పంపితే ఎంపీవీ టెర్మినల్‌ను సరిచేసి, తెరను వదిలిపెట్టి మర్యాదగా వెళ్లిపోతుంది. ఇప్పటికే పాడైన టెర్మినల్ కోసం కనిపించకపోయినా ఎస్‌టీటీవై సేన్ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. ఎంటర్ కూడా పనిచేయని స్థితిలో ఉంటే కంట్రోల్, జే కలిపి నొక్కండి.

ఇక పరిష్కారం. స్క్రిప్టులోని లూప్‌ను మెరుగుపరచడానికి ప్రయత్నించవద్దు. దానిని పూర్తిగా తీసేయడమే సరైన పని. మీటలు చదివే బాధ్యత ఒక్కరికే ఉండాలి, ఆ ఒక్కరు ఎంపీవీ కావాలి. ప్రతి ఫోల్డరుకూ ఒక ప్లేలిస్టు ఫైలు తయారు చేసుకుని, ఎంపీవీ కాన్ఫిగ్ డైరెక్టరీలోని ఇన్‌పుట్.కాన్ఫ్ ఫైలులో 1, 2, 3 అంకెలకు లోడ్‌లిస్ట్ అనే కమాండునూ ఆయా ప్లేలిస్టుల పూర్తి దారినీ ఒక్కొక్క వరుసలో రాయండి. మీరు రాసినది ఎంపీవీ సొంత ఏర్పాటును తోసిపుచ్చుతుంది కాబట్టి కాంట్రాస్ట్ ఇక అడ్డు రాదు. అంకె నొక్కగానే ఎంపీవీ ఆగకుండా కొత్త జాబితా మొదలవుతుంది. జాబితా అయిపోయినా ప్లేయర్ ముగిసిపోకుండా --ఐడిల్ ఆప్షన్ ఇవ్వండి. అప్పుడు స్క్రిప్టులో మిగిలేది & లేని ఒకే ఒక వరుస.

బయటి నుంచి, అంటే ఎస్ఎస్‌హెచ్ ద్వారానో మరో ప్రోగ్రామ్ నుంచో అదుపు చేయవలసిన అవసరం ఉంటే --ఇన్‌పుట్-ఐపీసీ-సర్వర్ ఆప్షన్‌తో ఒక సాకెట్ తెరిపించి, దానికి సోక్యాట్ అనే ప్రోగ్రామ్‌తో కమాండులు పంపవచ్చు. ఆ సాకెట్‌ను అందరికీ అందుబాటులో ఉండే /టెంప్‌లో కాకుండా మీ యూజర్‌కు మాత్రమే చెందిన రన్‌టైమ్ డైరెక్టరీలో పెట్టండి, ఎందుకంటే దానిని తెరవగలిగినవారు మీ పేరుతో ఏ ప్రోగ్రామ్‌నైనా నడిపించగలరు.


మూడో సమాధానం

ధ్వని మీటల సంగతి ఇంకా మిగిలి ఉంది కాబట్టి అది నేను చెబుతాను. నేను కూడా దాదాపు ఇలాంటి అమరికనే చాలాకాలంగా వాడుతున్నాను.

ఇన్‌పుట్ టెస్ట్‌లో ఆ మీటలకు ఏమీ కనిపించలేదన్న మీ మాటే కారణం చెబుతోంది. కీబోర్డు ఆ మీట సంఖ్యను పంపుతుంది, కెర్నల్ అందుకుంటుంది, కానీ కన్సోల్ కీమ్యాప్‌లో దాని ఎదురుగా ఏమీ రాసి లేదు. పట్టికలో లేని మీటకు బైటు పుట్టదు, పుట్టని బైటును ఏ ప్లేయరూ చదవలేదు. డెస్క్‌టాప్‌లో పనిచేసే మీట కన్సోల్‌లో మూగబోవడానికి సాధారణంగా ఇదే కారణం. ఇన్‌పుట్.కాన్ఫ్‌లో ఎంత రాసినా ఫలితం ఉండదు.

ముందు ఆ మీటల సంఖ్యలు తెలుసుకోండి. ఎంపీవీ నడవనప్పుడు, ఆ కంప్యూటరు కన్సోల్ మీదనే రూట్‌గా (నిర్వాహకుడి హక్కులతో) షోకీ -కే అని నడిపి ఒక్కొక్క మీటా నొక్కండి. ఎస్ఎస్‌హెచ్‌లో ఇది పనిచేయదు. మీరు నొక్కడం ఆపిన పది సెకన్లకు అది తనంతట తానే ముగుస్తుంది. సాధారణంగా ధ్వనిని పూర్తిగా ఆపే మీట 113, తగ్గించేది 114, పెంచేది 115, వీడియోను ఆపి నడిపించే మీట 164 అని వస్తాయి. షోకీకి -ఏ ఇచ్చి నడిపితే మీట సంఖ్యకు బదులు టెర్మినల్‌కు చేరే బైట్లు కనిపిస్తాయి. ధ్వని మీటలకు అక్కడ ఏమీ రాకపోవడం చూస్తే నేను చెప్పినది మీకే స్పష్టమవుతుంది. అందులోంచి బయటికి రావడానికి కంట్రోల్, డీ నొక్కాలి.

సంఖ్యలు తెలిశాక ఒక చిన్న ఫైలులో నాలుగు వరుసలు రాయండి. కీకోడ్ 114 = నైన్, కీకోడ్ 115 = జీరో, కీకోడ్ 113 = ఎం, కీకోడ్ 164 = స్పేస్. కీమ్యాప్ ఫైలులో అంకెలను అంకెలుగా కాక ఇంగ్లీషు పేర్లతో, చిన్న అక్షరాలలో రాయాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎంపీవీ సొంత ఏర్పాట్లలో 9 ధ్వనిని తగ్గిస్తుంది, 0 పెంచుతుంది, ఎం పూర్తిగా ఆపుతుంది, స్పేస్ వీడియోను ఆపి నడిపిస్తుంది. కాబట్టి ఇన్‌పుట్.కాన్ఫ్ ముట్టుకోకుండానే పని జరిగిపోతుంది. ఈ ఫైలును రూట్‌గా లోడ్‌కీస్ కమాండుకు ఇస్తే ఆ క్షణం నుంచే అమలులోకి వస్తుంది.

ఒక హెచ్చరిక. లోడ్‌కీస్ చేసిన మార్పు టీటీవై1కే పరిమితం కాదు, అన్ని వర్చువల్ కన్సోల్‌లకూ వర్తిస్తుంది. షెల్‌లో ఉన్నప్పుడు ధ్వని పెంచే మీట నొక్కితే 0 టైపు అవుతుంది. అది మీకు ఇబ్బంది అయితే అవే సంఖ్యలకు వాయిడ్‌సింబల్ (ఏమీ పంపవద్దని అర్థం) అని రాసిన మరో ఫైలు ఉంచుకుని, ప్లేయర్ ముగిసిన తరువాత దానిని లోడ్ చేయండి. లోడ్‌కీస్ -డీ వాడితే కెర్నల్‌తో వచ్చిన పట్టికకు అంతా తిరిగిపోతుంది, మీరు వేరే లేఅవుట్ వాడుతుంటే అదీ పోతుంది. అందువల్ల నేను దానిని సిఫారసు చేయను. ఏ మార్పు చేసే ముందైనా డంప్‌కీస్‌తో ఇప్పుడున్న పట్టికను ఒక ఫైలులోకి తీసి ఉంచుకోండి.


ప్రశ్న అడిగినవారు

పాత లూప్‌ను తీసేశాను. ఇప్పుడు స్క్రిప్టులో రెండే వరుసలు ఉన్నాయి: మొదటిది కీమ్యాప్‌ను లోడ్ చేస్తుంది, రెండోది ఎంపీవీని నడుపుతుంది. మీటలు ఒక్కటి కూడా తప్పడం లేదు. ధ్వని మీటలు పనిచేస్తున్నాయి. స్క్రిప్టు ముగిశాక అక్షరాలూ కనిపిస్తున్నాయి. ఎంటర్ నొక్కితే గాని మీటలు పనిచేయని స్థితి గురించి అడిగారు. అది కూడా అప్పుడప్పుడు ఎదురయ్యేది, నేను దానిని లెక్కలోకి తీసుకోకుండా వదిలేశాను.

ఇంకా రెండు చిన్న విషయాలు మిగిలాయి. షిఫ్ట్ పట్టుకుని కుడి బాణం నొక్కితే ఒక్క సెకను మాత్రమే ముందుకు వెళ్లాలని ఎంపీవీ మాన్యువల్‌లో ఉంది, కానీ ఇక్కడ మామూలుగా ఐదు సెకన్లే జరుగుతోంది. ఆల్ట్, ఎడమ బాణం కలిపి నొక్కితే ఏకంగా వేరే కన్సోల్‌కు వెళ్లిపోతోంది. రెండోది, అమ్మ కుడి బాణాన్ని కొంచెం ఎక్కువసేపు నొక్కి ఉంచితే, వేలు తీసిన తరువాత కూడా వీడియో కాసేపు ముందుకు దూకుతూనే ఉంటోంది.


మూడో సమాధానం రాసినవారు

షిఫ్ట్, బాణం కలిపినప్పుడు ఏం పంపాలో చెప్పేది కూడా కీమ్యాపే. కన్సోల్‌లో సాధారణంగా షిఫ్ట్ ఉన్నా లేకున్నా బాణానికి అవే మూడు బైట్లు వస్తాయి కాబట్టి ఎంపీవీకి తేడా తెలిసే మార్గం లేదు. ఆల్ట్, ఎడమ బాణం కలయిక వెనకటి కన్సోల్‌కు మారడానికి కేటాయించినది. కెర్నల్ దానిని తానే వాడేసుకుంటుంది, ప్లేయర్ దాకా రానివ్వదు. కీమ్యాప్ మార్చి వీటిని కూడా సాధించవచ్చు గాని, ఆ శ్రమ పడడం కంటే ఇన్‌పుట్.కాన్ఫ్‌లో రెండు మామూలు అక్షరాలకు ఒక్క సెకను ముందుకు, వెనకకు వీడియోను జరిపే (సీక్ చేసే) కమాండులు కట్టుకోవడం మేలు. టెర్మినల్‌లో ఏ ఇబ్బందీ లేకుండా ప్రయాణించేవి ఒక్క బైటు అక్షరాలే. కంట్రోల్ కలిపిన అక్షరాలను ఎంచుకోబోతే మాత్రం జాగ్రత్త: కంట్రోల్, ఐ కలిపితే వచ్చేది ట్యాబ్ బైటే, కంట్రోల్, ఎం కలిపితే వచ్చేది ఎంటర్ బైటే.


మొదటి సమాధానం రాసినవారు

వేలు తీసినా ఆగకపోవడం గురించి నేను చెబుతాను. టెర్మినల్ ద్వారా వచ్చే మీటలకు వేలు తీసిన కబురు అంటూ ఉండదు. మీట నొక్కి ఉంచినంతసేపూ కెర్నల్ అవే మూడు బైట్లను మళ్లీ మళ్లీ వేస్తూ ఉంటుంది. ఒక్కొక్క సీక్‌కు మీ పాత యంత్రం తీసుకునే సమయం, ఆ బైట్లు వచ్చే వేగం కంటే ఎక్కువైతే అవి క్యూలో పోగుపడతాయి. వేలు తీసిన తరువాత జరుగుతున్నది ఆ క్యూలో మిగిలినవి అమలు కావడమే. ఎంపీవీకి ఆటోరిపీట్ వేగాన్ని మార్చే ఆప్షన్లు ఉన్నా, అవి మీట దిగడం, లేవడం విడిగా తెలిసినప్పుడు పనికివచ్చేవి, ఇక్కడ వాటితో ప్రయోజనం లేదు. --ఇన్‌పుట్-కీ-ఫైఫో-సైజ్ అనే ఆప్షన్‌ను పెంచమని సలహాలు కనిపిస్తుంటాయి. దాని సహజ విలువ 7. పెంచితే క్యూ ఇంకా పొడవై మీ ఇబ్బంది ఎక్కువవుతుందే గాని తగ్గదు.

మార్చవలసినది కెర్నల్ వేగాన్ని. కేబీడీరేట్ అనే కమాండును రూట్‌గా -డీ 500 -ఆర్ 5 ఇచ్చి నడపండి. అప్పుడు మీట నొక్కి అర సెకను గడిస్తే గాని పునరావృతం మొదలవదు, మొదలైన తరువాత సెకనుకు ఐదుసార్లకు మించి రాదు. ఏ సంఖ్యలూ ఇవ్వకుండా నడిపితే పావు సెకను ఆలస్యం, సెకనుకు 10.9 సార్లు అన్న విలువలు అమలవుతాయి. అర సెకను ఆలస్యం పెట్టడానికి మరో కారణం కూడా ఉంది. వేలు కొంచెం నెమ్మదిగా తీసేవారికి ఒక నొక్కు రెండు నొక్కులుగా పడకుండా అది కాపాడుతుంది.


ప్రశ్న అడిగినవారు

కేబీడీరేట్‌ను కూడా స్క్రిప్టులో కీమ్యాప్ వరుసకు కిందనే చేర్చాను. సెకనుకు ఐదు అన్నది కూడా నా యంత్రానికి కొంచెం ఎక్కువే అనిపించి 4 పెట్టాను; ఇప్పుడు వేలు తీయగానే వీడియో ఆగుతోంది. ఒక్క సెకను జరపడానికి హెచ్, ఎల్ అక్షరాలను కట్టాను. నిన్న సాయంత్రం అమ్మ ఒక్కతే కూర్చుని, నన్ను పిలవకుండా, మూడు జాబితాలూ మార్చుకుంటూ చూసింది. ఇలాంటి ఇబ్బంది మరొకరికి ఎదురైతే, స్క్రిప్టులో & గుర్తు, దాని కింద రీడ్ కమాండు కలిసి ఉన్నాయేమో ముందు చూసుకోమని నా విన్నపం; నేను కీబోర్డును అనుమానించి వారం రోజులు పోగొట్టుకున్నాను.